శివారు వంతు

రిటైరైన మగవాళ్ళకి ఏదో ఒక పిచ్చి పట్టకుండా పోదని మా అమ్మ అంటూండేది. కొందరికి భగవద్గీత పడుతుంది, కొందరికి పెరట్లో మొక్కలు, కొందరికి హోమియోపతి. మావారికి వ్యాను పట్టింది.

"ఇన్నాళ్ళూ సెలవులు లెక్కచూసుకుని ఊళ్ళు తిరిగాం. ఇకనించి ఎక్కడ నచ్చితే అక్కడ నాలుగు రోజులుందాం. హోటళ్ళు వెతుక్కోనక్కర్లేదు, చుట్టాలకి బరువు కానక్కర్లేదు" అన్నారు ఓరోజు కాఫీ తాగుతూ. నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవడం కూడా ఒప్పుకోవడం కిందికే వస్తుందని నాకేం తెలుసు? నెల తిరక్కుండా రాజమండ్రిలో మా సందు మొగలో ఒక పాత వ్యాను వచ్చి నిలబడింది. వడ్రంగి వచ్చి మంచం బిగించాడు. మంచం కింద సామాన్ల అర, వెనకాల పొయ్యిగట్టు, నెత్తిమీద ఎండతో కరెంటు పుట్టించే రెండు సోలారు పలకలు, సీటు కింద పెద్ద బ్యాటరీ. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వ్యానులో ఇల్లు కడితే రెండూ ఒకేసారి చేసినట్టుంటుందని పాపం వాళ్ళకి తెలియదు.

"మరి నా పనో?" అన్నాను.

"నీ పనేవిటి? వంట అక్కడా చేస్తావుగా!" అన్నారాయన.

చూశారా! ముప్పై ఏళ్ళుగా నేను ప్రూఫులు దిద్దుతున్నాను. వ్రతకథలు, వంటల పుస్తకాలు, పంచాంగాలు, అప్పుడప్పుడూ ఓ కవిగారి ఖండకావ్యం. మొదట్లో ప్రెస్సు కుర్రాడు సైకిలు మీద తడి కాయితాలు తెచ్చి ఇచ్చేవాడు. తర్వాత సీడీలొచ్చాయి, ఇప్పుడు ఫోన్‌లోనే ఫైళ్ళొస్తున్నాయి. వచ్చేది పెద్ద మొత్తం కాదు. కానీ మా అమ్మాయి చెవులకి మొదటి జత కమ్మలు ఆ డబ్బుతోనే కొన్నాను. ఆ సంగతి మావారికి తెలుసు. తెలిసి కూడా "నీ పనేవిటి" అన్నారంటే, అది పనిలా ఆయన కంటికి ఎప్పుడూ ఆనలేదన్నమాట. అన్నం వండినట్టే అదీ చప్పుడు లేకుండా జరిగిపోయింది మరి.

"ఫోన్‌లో దిద్దుకోరాదూ?" అన్నారు తర్వాత కాస్త తగ్గి.

తెలుగు అక్షరం సంగతి మీకు తెలియంది కాదు. 'ధ'కీ 'థ'కీ తేడా ఒక చుక్క. 'వ'కీ 'మ'కీ తేడా ఒక చిన్న వంపు. ఒకసారి తొందరలో ఆ వంపు నా కన్నుగప్పింది. వంటల పుస్తకంలో 'పెరుగు వడ' కాస్తా 'పెరుగు మడ'గా అచ్చయింది. మడ అంటే కోరంగి దగ్గర ఉప్పునీళ్ళలో పెరిగే చెట్టు. దాన్ని పెరుగులో నానబెట్టమని మేం రాష్ట్రంలోని ఆడవాళ్ళందరికీ చెప్పామన్నమాట! అరచేతంత తెర మీద ఒత్తులు వెతకడం బియ్యంలో మట్టిబెడ్డల్ని చీకట్లో ఏరడం లాంటిది. నాకు పద్నాలుగు అంగుళాల తెరైనా కావాలి. అంటే కంప్యూటరు కావాలి. వ్యానులో కంప్యూటరా అని ఆయన మళ్ళీ కళ్ళు పెద్దవి చేశారు. "1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలువ మీద పడవలో గ్రంథాలయమే నడిపించారు. పడవలో పుస్తకాలు తిరగ్గా లేంది వ్యానులో నా ప్రూఫులు తిరగకూడదా?" అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

ఇక ఏ కంప్యూటరు అన్నది ప్రశ్న. మా ఆడపడుచు కొడుకు కాకినాడలో ఇంజనీరింగు చదివినవాడు. వాణ్ణి పిలిపించాను.

"ముందు నీ బ్యాటరీలో ఎంతుందో చెప్పత్తయ్యా, కంప్యూటరు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు వాడు. పెళ్ళికొడుకు ఎలా ఉండాలని అడక్కుండా కట్నం ఎంతిస్తారని అడిగినట్టనిపించింది గానీ, వాడన్నదే నిజం.

వాడు చెప్పింది నాకర్థమైన మాటల్లో చెబుతాను. వాటు అంటే బోదెలో పారే నీటి వడి. ఆ వడితో గంటసేపు పారితే చేరిన నీళ్ళు వాటు-గంట. మనింటి కరెంటు బిల్లులో యూనిట్ అని ఉంటుందే, అది వెయ్యి వాటు-గంటలు. మా బ్యాటరీ 12 వోల్టులది, 150 ఆంపియర్-గంటలది. రెండూ హెచ్చవేస్తే 1800 వాటు-గంటలు. అయితే ఇది సీసం బ్యాటరీ. సగానికి మించి తోడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కాబట్టి వాడుకోదగ్గది 900. లిథియం బ్యాటరీ అయితే ఎనభై వంతులు పైగా వాడుకోవచ్చట, ధర కూడా అలాగే ఉంటుందట. నెత్తిన రెండు పలకలూ కలిసి 200 వాట్లు. మంచి ఎండకాసిన రోజు, పోయింది పోగా, 650 వాటు-గంటలు వస్తాయి. ముసురు పట్టిందా, 150 వస్తే గొప్ప. బండి నడిచేటప్పుడు ఇంజను కాస్త పోస్తుంది గానీ, మేం ఒకచోట నాలుగేసి రోజులు ఆగుదామనుకున్నవాళ్ళం కదా.

అంటే మా సంసారానికి రోజువారీ రాబడి 650. యూనిట్‌లో మూడింట రెండొంతులు కూడా లేదు. ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఆ మొత్తాన్నీ నలభై నిమిషాల్లో తాగేస్తుంది.

పద్దు రాయడం నాకు కొత్త కాదుగా. పాత డైరీ తీసి రాశాను. మొట్టమొదట చిన్న ఫ్రిజ్. అది విలాసానికి కాదు. మావారు ఇన్సులిన్ తీసుకుంటారు. వాడుతున్న పెన్ను కొన్ని వారాలు బయట ఉన్నా ఫరవాలేదు గానీ, అదీ ముప్పై డిగ్రీల లోపే. మూత తియ్యని మందు మాత్రం రెండు నించి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. మా రాజమండ్రి వేసవి నలభై దాటుతుంది. ఆ ఫ్రిజ్ ఆగిందంటే ప్రయాణం ఆగినట్టే. దానికి రోజుకి 360. రాత్రి ఫ్యానుకి 150. దీపాలకి 50. ఫోన్లకి 30. మావారి చిన్న టీవీకి మూడు గంటలు, 75. మొత్తం 665. రాబడి 650. కింద చిన్న అక్షరాలతో 'కంప్యూటరు (మిగిలితే)' అని రాసి, ఆ ఎదురుగా ఏం రాయాలో తోచక గీత గీశాను.

ఆ గీతని చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చారు.

మాది కోనసీమలో కాలువ చిట్టచివరి ఊరు. శివారు భూములంటారు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టించి 1852కి పూర్తి చేయించాడు. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది. గోదావరి నిండా నీళ్ళే, ఎవరు కాదన్నారు? కానీ దాళ్వా వచ్చేసరికి వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ బోదెకి, ఇన్ని రోజులు ఆ బోదెకి అని. మా వంతు వచ్చిన రాత్రి నాన్న లాంతరు పట్టుకుని గట్టు వెంట వెళ్ళేవారు. పైవాళ్ళందరూ తడిపాక మిగిలితే మాకు. తెల్లారి కాళ్ళకి బురద లేకుండా తిరిగొస్తే, ఆ రోజు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. "కాలువ మొదట ఉన్నవాడికి నీళ్ళొస్తాయి, చివర ఉన్నవాడికి కబురొస్తుంది" అనేవారు నాన్న. ఆయన ఎవర్నీ తిట్టేవారు కాదు. "శివారుకి ముందు లెక్కగట్టి, ఆ తర్వాత పైవాడికి తూము ఎత్తాలి. మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పుడూ మిగలదు" అని మాత్రం అనేవారు.

ఆ కూతుర్ని నేను. నా చేతులారా నా పనిని శివారులో పెట్టుకున్నాను. నన్నెవరూ పెట్టమనలేదు. అందరికీ వడ్డించి ఆఖర్న గిన్నె గీరుకునే అలవాటు, పద్దులో కూడా వచ్చి కూర్చుంది. మీరూ ఒకసారి మీ ఇంటి పద్దు తీసి చూడండి. మీ పేరు ఎన్నో లైనులో ఉందో!

కాయితం చింపి మళ్ళీ రాశాను. ఒకటి, ఫ్రిజ్. అందులో రాజీ లేదు. రెండు, కంప్యూటరు. రోజుకి ఐదు గంటలు. ఎన్ని వాట్లు అయితే సరిపోతుందో ఆ కంప్యూటరు కొనాలి గానీ, మిగిలిన వాట్లకి నా పని కుదించుకోకూడదు.

ఇక స్వయంవరం మొదలైంది. మేనల్లుడు ప్లగ్గుకి తగిలించే చిన్న మీటరొకటి తెచ్చాడు. ఏ వస్తువు ఎంత తాగుతుందో అది అంకెల్లో చెబుతుంది. ముందు మా ఇంట్లో బల్లమీది పాత కంప్యూటరు. తెరతో కలిపి 110 వాట్లు. ఐదు గంటలకి 550. అంటే నేను ప్రూఫులు దిద్దితే మావారి మందు ఎండకి కాగాలి. అది మొదటి రౌండులోనే పోయింది.

రెండోది మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన లాప్‌టాప్. 35 వాట్లు. ఫరవాలేదనుకున్నాను. "ఆగత్తయ్యా, దీని చార్జరు గోడ ప్లగ్గుది. వ్యానులో ఇన్వర్టరు కావాలి" అన్నాడు వాడు. బ్యాటరీలోని 12 వోల్టుల కరెంటుని ఇన్వర్టరు 230 వోల్టులకి పెంచుతుంది. చార్జరేమో దాన్ని మళ్ళీ ఇరవైకి దించుతుంది. గింజలు రెండుసార్లు కొలిస్తే రెండుసార్లూ గుప్పెడు తరుగు పోయినట్టు, కరెంటూ పోతుంది. పైగా ఏ పనీ లేకపోయినా ఇన్వర్టరు తన మానాన తాను ఏడెనిమిది వాట్లు తింటూంటుంది. అంతా కలిపి 45 వాట్లు, ఐదు గంటలకి 225.

మూడోది చూసి నాకు ముచ్చటేసింది. రాస్ప్‌బెర్రీ పై అట. 2012లో ఇంగ్లండు వాళ్ళు చదువుకునే పిల్లల కోసం తక్కువ ధరకి తయారుచేసింది. పేకముక్కంత పలక, ఐదారు వాట్లు చాలు. "ఇదే, ఇదే" అన్నాను. కానీ దానికి తెర లేదు. తెర విడిగా పెడితే దానికి ఇంకో ఇరవై. కొండంత రథానికి కట్టిన కుందేలులా, ఈ చిన్నదానికి ఆ తెరే బరువు. అసలు సంగతి ఇంకొకటి. మన తెలుగు ప్రెస్సుల్లో ఇంకా చాలామంది వాడే పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ విండోస్ కంప్యూటర్లలో నడిచేవి. ఈ పేకముక్క జాతి వేరు, వాటిని నడపదు. ఆపిల్ కంపెనీ 2020 నించి తెచ్చిన సొంత చిప్పుల లాప్‌టాప్‌లు కూడా చాలా పొదుపరులే, కానీ వాటితోనూ అదే చిక్కు, ధర మరో చిక్కు. చవకగా తినే కోడలని తెచ్చుకుంటే, ఇంట్లో భాషే రాదన్నట్టు!

చివరికి కుదిరింది నాలుగోది. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 అనే పొదుపు చిప్పున్న పద్నాలుగు అంగుళాల విండోస్ లాప్‌టాప్. మేనల్లుడి స్నేహితుడి దగ్గర ఉంటే తెచ్చి కొలిచాం. కొలిచేముందు దాని బ్యాటరీ పూర్తిగా నిండాలట. లేకపోతే అది తాగేదీ, దాచుకునేదీ కలిపి చూపించి మనల్ని బెదరగొడుతుంది. వెలుతురు సగానికి తగ్గించి, ప్రూఫు ఫైలు తెరిచి చూస్తే మీటరు పది వాట్ల చుట్టూ తిరిగింది. వెలుతురు పూర్తిగా పెంచితే ఇంకో మూడు పెరిగింది. తినేదాంట్లో తెరదే పెద్ద వాటా అని అప్పుడు కళ్ళారా చూశాను.

కొనేటప్పుడు మూడు చూసుకోమన్నాడు. టైప్-సి రంధ్రంలోంచి చార్జింగు ఎక్కాలి. అప్పుడు 12 వోల్టుల సాకెట్టులో పెట్టే కారు చార్జరుతో నేరుగా ఎక్కించుకోవచ్చు, ఇన్వర్టరు గొడవ లేదు. లోపల తిరిగే పాత హార్డ్‌డిస్క్ ఉండకూడదు, ఎస్.ఎస్.డి. ఉండాలి. అది తక్కువ తింటుంది, మా రోడ్ల కుదుపులకి బెదరదు. మూడోది, ఫ్యాను లేని రకమైతే మేలు. దుమ్ము లోపలికి పోదు, రాత్రి గుయ్యిమనదు. ఎండలో మూసిన వ్యానులో మాత్రం దాన్ని వదలకూడదు, ఏ బ్యాటరీకీ వేడి గిట్టదు. దాని కడుపులో 40 వాటు-గంటల సొంత కుండ ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండ పొంగిపొర్లే వేళ ఆ కుండ నింపుకుంటే, సాయంత్రం సీటు కింది బ్యాటరీ జోలికి పోకుండానే నాలుగు గంటలు పని నడుస్తుంది.

కొన్నాం. అంటే నేను కొన్నాను, నా ప్రూఫుల డబ్బుతో. పద్దు మళ్ళీ వేశాను. ఫ్రిజ్ 360, కంప్యూటరు 50, ఫ్యాను 150, దీపాలు 50, ఫోన్లు 30. మొత్తం 640. రాబడి 650. టీవీ పద్దులోంచి పోయింది.

"నా వార్తలో?" అన్నారు మావారు.

"ఫోన్‌లో చూసుకోరాదూ?" అన్నాను. ఇంతకంటే తియ్యటి మాట నా జన్మలో అనలేదు.

మొదటి ప్రయాణం అంతర్వేదికి. బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి, ఆత్రేయపురంలో పూతరేకులు కొని (ఆయనకి కాదు లెండి, చుట్టాలకి), రావులపాలెం, రాజోలు మీదుగా సఖినేటిపల్లి చేరాం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, ఓ తెలిసినవాళ్ళ కొబ్బరితోటలో బండి ఆపాం. ఆ సాయంత్రమే ముసురు పట్టింది.

మొదటి రోజు సరదాగానే ఉంది. రెండో రోజుకి పలకల మీద వర్షం టపటపమంటోంది గానీ లోపలికి కరెంటు రాలేదు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కోనసీమంతా అతలాకుతలమై చాలారోజులు దీపాల్లేకుండా గడిపిన సంగతి గుర్తొచ్చి నా గుండె గుబగుబలాడింది. నాకు చీకటంటే భయం లేదు. ఫ్రిజ్‌లో ఉన్న మందు సంగతే భయం. చల్లబడింది కాబట్టి ఫ్రిజ్ తిండి 250కి దిగింది, అదో అదృష్టం. మూడోరోజు రాత్రి బ్యాటరీ 12.2 వోల్టులు చూపించింది. అంతకు దిగితే జాగ్రత్తపడమన్నాడు మేనల్లుడు.

వ్రతకథల పుస్తకం మర్నాటికి ప్రెస్సుకి పంపాలి. ఇంకా పదహారు పేజీలున్నాయి. నేను లాప్‌టాప్ మూసేశాను. పుస్తకం ఒకరోజు ఆలస్యమైతే కొంప మునగదు, మందు పాడైతే మునుగుతుంది. నేనూ ఇంటి ఆడదాన్నేగా, అలవాటు అంత తేలిగ్గా పోతుందా?

మావారు ఏమీ అనలేదు. డైరీ తీశారు. కళ్ళజోడు సవరించుకుని, నా పద్దు కింద ఏదో కూడారు, తీసేశారు. లేచి ఫ్యాను ఆపారు. రెండు దీపాల్లో ఒకటి ఆపారు. తోటవాళ్ళ దగ్గర తెచ్చుకున్న తాటాకు విసనకర్ర అందుకుని మంచం మీద కూర్చున్నారు.

"ఫ్యాను 150 మిగిలింది. నీది యాభయ్యేగా. కానీ నీ పని" అన్నారు.

నేను తెర తెరిచాను. ఆయన విసురుతున్నది తనకా, నాకా అన్నది చెప్పలేను గానీ, గాలి మాత్రం ఇద్దరికీ తగిలింది. పదకొండు గంటలకి పదహారు పేజీలూ అయ్యాయి. ఒకచోట 'వరము' బదులు 'మరము' అని పడి ఉంటే పట్టుకున్నాను కూడా.

పొద్దున్న ముసురు విడిచి ఎండ కాసింది. బ్యాటరీ అంకె మెల్లగా పైకి లేస్తుంటే డైరీ తెరిచి చూశాను. రాత్రి ఆయన కొత్త పద్దు రాశారు. మొదటి లైను: ఫ్రిజ్, 250. రెండో లైను: ఆవిడ పని, 50. మిగిలినవన్నీ ఆ కింద. కంప్యూటరు అని రాయలేదు, చూశారా, పని అని రాశారు.

ముప్పై ఏళ్ళ అలవాటుకొద్దీ ఎర్రపెన్ను చేతిలోకి తీసుకున్నాను. ఆ రెండో లైను రెండుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ కనపడలేదు.